సోమేనహళ్ళి సీమ తెలుగువారు: వంశమూలం, భాష, గుర్తింపు

కర్ణాటక రాష్ట్రం చిక్కబళ్ళాపురం జిల్లా గుడిబండ తాలూకాలో సోమేనహళ్ళి ఒక హోబళి (తాలూకాలోని రెవెన్యూ విభాగం) కేంద్రం. దీని చుట్టూ ఉన్న బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకాల పల్లెల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు పలుకుతూ, బడిలోనూ కచేరీలోనూ కన్నడం రాసే కుటుంబాలు చాలా ఉన్నాయి. కన్నడంలో ఈ పట్టీని ‘గడినాడు’ అంటారు. సరిహద్దు సీమ అని అర్థం. మొరసునాడు అనేది దీనికి ఇంకా పాత పేరు. ఇక్కడివారు తమను తెలుగువారని చెప్పుకోవాలా, కన్నడిగులని చెప్పుకోవాలా, రెండూ అనాలా అన్నది ఒక్కసారి తేల్చుకుని వదిలేసే విషయం కాదు. జనగణన, బడి చేరిక, పెళ్ళి సంబంధం, ఉద్యోగ దరఖాస్తు, ఎన్నికల సభ ఒక్కొక్కటి దీన్ని ఒక్కో రూపంలో అడుగుతాయి. స్కాట్లండ్, ఐర్లండ్ నుంచి వలసపోయినవారి సంతతి తమ మూలాన్ని ఎంచుకునే తీరుతో పోల్చితే ఈ సీమ ప్రత్యేకత బాగా తెలుస్తుంది. అక్కడ భాష పోయి పూర్వికుల కథ మిగిలింది. ఇక్కడ భాష నిలిచింది కానీ, చాలా ఇళ్ళలో ‘ఫలానా చోటు నుంచి వచ్చాం’ అనే కథే లేదు.

నేల, నీళ్ళు

బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద చిక్కబళ్ళాపురం దాటాక పేరేసంద్ర వస్తుంది. గుడిబండకు దారి అక్కడే చీలుతుంది. రహదారి మీదే ముందుకు పోతే బాగేపల్లి, ఆ తర్వాత కొద్ది దూరానికే ఆంధ్రప్రదేశ్. అవతల ఉన్నది 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లా. చింతామణి నుంచి తూర్పుగా పోతే మదనపల్లె వస్తుంది.

ఇక్కడి నీళ్ళు కూడా తెలుగు నేల వైపే పారతాయి. నంది కొండల ప్రాంతంలో పుట్టిన ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని మూడూ రాయలసీమలోకి దిగుతాయి. ఉత్తర పినాకినినే తెలుగువారు పెన్న అంటారు. చిత్రావతి, పాపాఘ్ని దాని ఉపనదులు. బాగేపల్లి చిత్రావతి ఒడ్డున ఉంది, అదే ఏటి దిగువన పుట్టపర్తి ఉంది. వాన తక్కువ సీమ కాబట్టి చెరువులే ఆధారం. రాగి, వేరుశనగ, పట్టుగూళ్ళు, టమాటా ప్రధానమైన పంటలు. ఈ సరుకుతో పాటు మనుషులు కూడా హిందూపురం, మదనపల్లె, చింతామణి, శిడ్లఘట్ట సంతల మధ్య నిత్యం తిరుగుతుంటారు. బేరం ఏ భాషలో మొదలైనా ఇద్దరికీ రెండో భాష అర్థమవుతుంది.

ఎల్ల ఎలా ఏర్పడింది

ఈ సీమను తెలుగు నేల నుంచి విడదీసిన గీత 1956 నాటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందుది. విజయనగర కాలంలో ఇక్కడ అలాంటి ఎల్ల లేదు. 1565 యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు మారినప్పుడు ఈ సీమ రాజధానికి పక్కనే ఉంది. తర్వాత గుడిబండ, చిక్కబళ్ళాపురం వంటి చోట్ల పాళెగాళ్ళు ఏలారు. గుడిబండ కొండకోట కట్టించినట్టు చెప్పే భైరేగౌడ వారిలో ఒకడు. ఆ తర్వాత మరాఠాలు, హైదరాలీ, టిప్పు వచ్చారు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు రాజ్యాన్ని పంచుకున్నప్పుడు అనంతపురం వైపు నేల నిజాముకు పోయింది. 1800లో నిజాం దాన్ని కుంపిణీకి ధారపోశాడు. ఆ దత్తమండలాలే తర్వాత రాయలసీమ అయ్యాయి. ఈ సీమ ఉన్న కోలారు వైపు నేల మాత్రం మైసూరు ఒడయార్ల రాజ్యంలోనే ఉండిపోయింది. అప్పటి నుంచి ఒకే యాసలో తెలుగు మాట్లాడే రెండు పక్కల ఊళ్ళకు రెండు కచేరీలు, రెండు లెక్కలు ఏర్పడ్డాయి. ఒక పక్కవారికి మద్రాసు కలెక్టరు, ఇంకో పక్కవారికి మైసూరు అమల్దారు.

రాజకీయ అనుభవం కూడా మైసూరుతోనే ముడిపడింది. 1938 ఏప్రిల్ 25న గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో జెండా సత్యాగ్రహం చేస్తున్న జనం మీద మైసూరు పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఊరు హిందూపురానికి కూతవేటు దూరంలోనే ఉంది. అయినా ఆ ఘటన మైసూరు కాంగ్రెసు చరిత్రలో, కన్నడ నాడు స్మృతిలో చేరింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి ఏ రాష్ట్రానిదన్న పంచాయితీ పెద్దదైంది, కోలారు గురించీ వాదాలు నడిచాయి. అప్పటి కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడేవారే ఎక్కువ. 1955లో నివేదిక ఇచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఈ సంగతి పరిశీలించి, జిల్లాను కన్నడ రాష్ట్రంలోనే ఉంచమంది. 1956 నవంబరు 1న అటు ఆంధ్రప్రదేశ్, ఇటు విశాల మైసూరు ఒకే రోజున పుట్టాయి. మైసూరు రాష్ట్రం 1973 నవంబరు 1న కర్ణాటక అయింది. 2007లో కోలారు నుంచి విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు. 2011 జనగణనలో ఈ జిల్లా జనాభా 12,55,104.

వచ్చినవారు, ఉన్నవారు

వంశమూలం విషయంలో ఇక్కడి తెలుగువారిని రెండు తెగలుగా చూడవచ్చు. వలసవచ్చిన జ్ఞాపకాన్ని పేరులోనే మోసుకుతిరిగే కుటుంబాలు ఒక తెగ. వాటిలో అందరికీ తెలిసింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య కుటుంబం. ఆయన చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టాడు. ములకనాటి బ్రాహ్మణులైన ఆయన పూర్వికుల ఊరు ప్రకాశం సీమలో గిద్దలూరు వైపు ఉన్న మోక్షగుండం. ఊరు విడిచి తరాలు గడిచినా ఊరిపేరే ఇంటిపేరుగా నిలిచింది. కర్ణాటక సంగీతంలో కాకర్ల త్యాగరాజు పేరు చెప్పే కథ కూడా ఇలాంటిదే. తిరువయ్యారులో బతికిన ఆయన ఇంటిపేరు కూడా ప్రకాశం సీమలోని ఒక ఊరిదే.

విశ్వేశ్వరయ్య బతుకు ఈ వ్యాస విషయానికి మంచి ఉదాహరణ. ఇంటి భాష తెలుగు, ఇంటిపేరు తెలుగు ఊరిది, పుట్టిన ఊరు కన్నడ నాడులోది, కొలువు మైసూరు మహారాజుది. ఆయన 1912 నుంచి 1918 దాకా దివాను. ఆ కాలంలోనే 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలిశాయి. ఆ పరిషత్తు వెనుక దివాను ప్రోత్సాహం ఉంది. 1955లో భారతరత్న అందుకున్నాడు. ఆయన జయంతి సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినంగా జరుపుతారు. కర్ణాటక ఆయన్ను తమవాడంటుంది, తెలుగువారూ తమవాడంటారు. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు.

రెండో తెగ ఇంతకన్నా చాలా పెద్దది. వక్కలిగలు, రెడ్లు, బలిజలు, గొల్లలు, బోయలు, నేతపనివారు, మాదిగలు, ఇంకా ఎన్నో కులాల్లో తెలుగే ఇంటి మాటగా ఉన్న కుటుంబాలకు చెప్పుకోవడానికి వలస కథ ఉండదు. కొన్ని కులాలకు కథ ఉన్నా అది తెలుగు నేలను చూపదు. మొరసు వక్కలిగల్లో తెలుగు పలికేవారూ ఉన్నారు, కన్నడం పలికేవారూ ఉన్నారు. వారి ఐతిహ్యంలో పూర్వికులు కంచి వైపు నుంచి వచ్చి దేవనహళ్ళి దగ్గరి ఆవతిలో స్థిరపడ్డారు. బెంగళూరు కట్టిన కెంపేగౌడ వంశాన్నీ ఆ ఆవతి ప్రభువులతోనే కలుపుతారు. కంచి నుంచి వచ్చి, కన్నడ నాడులో పాళెం ఏర్పరచుకుని, ఇంట్లో తెలుగు పలికే మనిషిని వంశమూలం లెక్కన ఏ గంపలో వేయాలి? ఈ సీమలో మూలం అన్న మాట తేలిగ్గా పట్టుబడకపోవడానికి ఇదొక కారణం.

ఇంటిపేరు పరిస్థితి కూడా దీనికి తోడైంది. పాత మైసూరులో పేరుకు ముందు ఊరి మొదటి అక్షరం, తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టుకోవడం వాడుక. బడి రిజిస్టరులో ఇంటిపేరుకు చోటుండదు. అది పెళ్ళి మాటల్లో మాత్రం బయటికి వస్తుంది. ‘మీ ఇంటిపేరేందప్పా?’ అని సంబంధం చూడవచ్చిన పెద్ద అడిగినప్పుడు కుర్రవాడు తండ్రి వైపు చూస్తాడు. ఒక ఇంటిపేరువారు ఒకరికొకరు పిల్లనిచ్చుకోరు కాబట్టి ఆ ఒక్క ప్రశ్న కోసమైనా అది బతికి ఉంది.

పల్లి, హళ్ళి

ఊళ్ళ పేర్లను బట్టి ఎవరి నేల ఏదో తేల్చాలని చూస్తే తికమక తప్పదు. బాగేపల్లి, ఇర్గంపల్లి ‘పల్లి’తో ముగుస్తాయి. సోమేనహళ్ళి, ముద్దేనహళ్ళి, బట్లహళ్ళి ‘హళ్ళి’తో ముగుస్తాయి. ఈ రెండు మాటలకూ మూలం ఒకటే. పాత కన్నడంలో మాట మొదట ఉన్న పకారం మధ్యయుగాల్లో హకారమైంది. తెలుగులో అది పకారంగానే ఉంది. పాలు హాలు అయింది, పులి హులి అయింది, పంది హంది అయింది, పల్లి హళ్ళి అయింది. అంటే ‘పల్లి’ అన్న ఊరు తెలుగువారే కట్టిందనడానికి, ‘హళ్ళి’ అన్న ఊరు కన్నడిగులే కట్టిందనడానికి పేరొక్కటే సాక్ష్యం చాలదు. ఏ కచేరీ గుమాస్తా ఏ భాషలో రాసుకున్నాడన్నది కూడా అందులో ఉంటుంది. కోలారు జిల్లా శాసనాలను బి.ఎల్. రైస్ 1905లో ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదో సంపుటంగా అచ్చువేశాడు. అందులో కన్నడ, తమిళ, తెలుగు శాసనాలు మూడూ ఉన్నాయి. రాతి మీద కూడా ఈ సీమ ఒక్క భాషలో మాట్లాడలేదు.

అయినా పేరు గుర్తింపుకు గుర్తు అవుతుంది కాబట్టే పేర్ల మార్పు వస్తుంది. 2025 జులై 2న నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పట్టణానికి ‘భాగ్యనగర’ అని పేరు పెట్టాలని తీర్మానించింది. ‘పల్లి’లో తెలుగు వాసన ఉందన్నది ఆ కోరిక వెనుక వినిపించిన కారణాల్లో ఒకటి. వింత ఏమిటంటే భాగ్యనగరం అన్న మాట వినగానే తెలుగువారికి తట్టేది హైదరాబాదు.

ఇంటి మాట, బడి రాత

సోమేనహళ్ళి సీమలో పిల్లవాడు అమ్మతో తెలుగు, పంతులుతో కన్నడం మాట్లాడుతూ పెరుగుతాడు. తాలూకా కచేరీ, హోబళి, పహణి (భూమి లెక్కపత్రం), అర్జీ వంటి సర్కారు మాటలు కన్నడం నుంచే వస్తాయి. పొలం, పశువు, వంట, చుట్టరికం మాటలు తెలుగువే ఎక్కువ. వాక్యం తెలుగులో మొదలై మధ్యలో కన్నడ నామవాచకం పట్టుకుని తెలుగు క్రియతో ముగియడం ఇక్కడ మామూలు. ఇలా మాట్లాడేవారికి అది రెండు భాషల కలగలుపులా అనిపించదు. బెంగళూరు వెళ్ళినప్పుడు ‘నీ కన్నడంలో తెలుగు ఉంది’ అని ఒకరు, తిరుపతి వెళ్ళినప్పుడు ‘నీ తెలుగులో కన్నడం ఉంది’ అని ఇంకొకరు అన్నప్పుడే ఆ సంగతి పట్టింపుకు వస్తుంది.

తెలుగు మాట్లాడేవారిలో చాలామందికి తెలుగు లిపి రాదు. ఈ సీమ ఆధ్యాత్మిక వారసత్వం కూడా ఆ పద్ధతిలోనే నడుస్తోంది. చింతామణి తాలూకా కైవారానికి చెందిన యోగి నారేయణ యతీంద్రులను జనం కైవార తాతయ్య అంటారు. సంప్రదాయం ప్రకారం ఆయన 1726 నుంచి 1836 దాకా జీవించారు. బలిజ కులంలో పుట్టి గాజులమ్మిన మనిషి. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, తత్వాలు కట్టారు. ఆయన తెలుగు రచనల్లో కాలజ్ఞానం, అమర నారేయణ శతకం ప్రసిద్ధం. వాటిని పాడేవారిలో చాలామంది ఆ తెలుగు తత్వాలను కన్నడ లిపిలో చదువుకుంటారు. భావం, పలుకు తెలుగు, అక్షరం కన్నడం. ఆయన జయంతిని కర్ణాటక ప్రభుత్వం జరుపుతుంది. తెలుగు కవి అని ఆయన్ను ఎవరూ దూరం పెట్టలేదు, కన్నడ నాడు యోగి అనడానికి తెలుగువారూ అడ్డు చెప్పలేదు.

ఇంటి భాష ఒకటి, రాత భాష ఇంకొకటి కావడం కన్నడ నాడుకు కొత్త కాదు. కోలారు సీమలోని మాస్తి గ్రామం పేరు పెట్టుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటి భాష తమిళం. కన్నడ కథకు పెద్దదిక్కుగా నిలిచి 1983 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నాడు. ధారవాడ కన్నడ కవి బేంద్రే ఇంటి భాష మరాఠీ. ఎదురు దిశలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ అనంతపురం సీమ నుంచి వచ్చి మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పాడు.

సర్కారు అడిగే ప్రశ్నలు

జనగణన: భారత జనగణన పూర్వికుల మూలాన్ని అడగదు, మాతృభాషను అడుగుతుంది. చిన్నతనంలో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాషే మాతృభాష అని దాని నిర్వచనం. తల్లి పసితనంలోనే పోతే, ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష రాస్తారు. గడిలో ఒక్క పేరే పడుతుంది. తెలిసిన ఇతర భాషలు రెండింటికి వేరే గడి ఉంది. కాబట్టి సోమేనహళ్ళి మనిషి ‘తెలుగు’ అని చెప్పి, పక్క గడిలో ‘కన్నడం’ చేర్చుకోవచ్చు. ‘మనం కన్నడ నాడులో ఉన్నాం కదా’ అని తలచి మొదటి గడిలోనే కన్నడం రాయించేవారూ ఉంటారు. 2011 లెక్కల్లో కర్ణాటకలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 35 లక్షలు, అంటే జనాభాలో 6 శాతానికి కాస్త తక్కువ. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని లెక్క తేదీగా నిర్ణయించారు. అందులో కులం కూడా అడుగుతారు.

చట్టం: రాజ్యాంగంలోని 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించమంటుంది. 1956 నాటి ఏడో సవరణ దీన్ని చేర్చింది. 2002 నాటి టి.ఎం.ఏ. పాయ్ తీర్పు ప్రకారం అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకుని చూడాలి. అంటే బాగేపల్లి తాలూకాలో తెలుగువారు ఎంత ఎక్కువగా ఉన్నా, చట్టం కళ్ళకు వారు కర్ణాటకలో అల్పసంఖ్యాకులే. 2014 మే 6న కర్ణాటక బడుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ముందుకు పోయింది. బిడ్డ మాతృభాష ఏదో చెప్పవలసింది తల్లిదండ్రులే కానీ ప్రభుత్వం కాదంది. గుర్తింపును ఎంచుకునే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు మన దేశంలో వచ్చిన స్పష్టమైన జవాబుల్లో ఇదొకటి. కర్ణాటక పదో తరగతి పరీక్షలో మొదటి భాషగా తెలుగు తీసుకునే వీలుంది. 2015 చట్టం మాత్రం బడులన్నిటిలో కన్నడాన్ని ఒక భాషగా తప్పనిసరి చేసింది. ఈ సీమ తల్లిదండ్రులు హక్కుందని తెలుగు బడిని వెతకడం అరుదు. ముందు కన్నడ మాధ్యమం, ఇప్పుడు ఇంగ్లీషు మాధ్యమం వారి ఎంపిక.

ఉద్యోగం: పరిశ్రమల్లో స్థానికులకు వాటా ఇవ్వాలని 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించిన ముసాయిదా, స్థానిక అభ్యర్థి ఎవరో నిర్వచించింది. కర్ణాటకలో పుట్టి, 15 ఏళ్ళు నివసించి, కన్నడం మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చినవారే స్థానికులు. వ్యాపారవర్గాల నుంచి అభ్యంతరాలు రావడంతో కొద్ది రోజులకే దాన్ని పక్కన పెట్టారు. అందులో మాతృభాష ఊసు లేదు. ఈ కొలతతో సోమేనహళ్ళి తెలుగు కుర్రవాడు పూర్తి స్థానికుడే. బెంగళూరులో పుట్టి పెరిగి కన్నడం రాయలేనివాడికే చిక్కు.

కులం: దళిత కుటుంబాలకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. పాత మైసూరు కాగితాల్లో ఆది కర్ణాటక, ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లున్నాయి. ఇవి నేల, భాష పేర్లతో పెట్టినవి, వీటి కింద మాదిగలూ ఉన్నారు, హొలెయలూ ఉన్నారు. షెడ్యూల్డు కులాల వర్గీకరణ కోసం న్యాయమూర్తి హెచ్.ఎన్. నాగమోహన్‌దాస్ కమిషన్ 2025లో ఇంటింటి సర్వే చేసింది. ఆ సర్వేలో ఈ మూడు పేర్ల కింద ఉన్నవారు తమ అసలు కులం చెప్పవలసి వచ్చింది. ఒక్క జవాబు మీద రిజర్వేషను వాటా ఆధారపడింది కాబట్టి ఇక్కడ గుర్తింపు మనసుకు నచ్చిన ఎంపికగా ఉండే వీల్లేదు.

ఓటు, తెర

గుడిబండ తాలూకా బాగేపల్లి శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఇక్కడ ఎన్నికల ప్రచారం చాలామటుకు తెలుగులో సాగుతుంది. మార్క్సిస్టు పార్టీ నాయకుడు జి.వి. శ్రీరామరెడ్డి 1994లోనూ 2004లోనూ ఇక్కడి నుంచే గెలిచాడు. తెలుగు ఇంట పుట్టి కన్నడ తెర మీద పేరు తెచ్చుకున్న నటుడు సాయికుమార్ 2008లో, 2018లో బీజేపీ తరఫున ఇక్కడ నిలబడి ఓడిపోయాడు. అతని పలుకు రెండు భాషల్లోనూ గట్టిదే. ఆ పలుకు మాత్రం ఓట్లుగా మారలేదు. తెలుగు మాట్లాడతారు కాబట్టి తెలుగువారికే ఓటేస్తారన్న లెక్క ఇక్కడ పనిచేయదు. నీళ్ళు, కులం, పార్టీ ముందు చూస్తారు. సినిమా విషయం వేరు. బాగేపల్లి, చింతామణి టాకీసుల్లో తెలుగు బొమ్మకు ఎప్పుడూ జనం ఉంటారు.

ఇతర చోట్లతో పోలిక

స్కాట్లండ్, ఐర్లండ్ సంతతి ప్రశ్న ముఖ్యంగా అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో వినిపిస్తుంది. 17వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌కు, అక్కడి నుంచి 18వ శతాబ్దంలో అమెరికాకు పోయినవారి సంతతి తమను స్కాట్‌లనాలా, ఐరిష్‌లనాలా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. వారికి ‘స్కాచ్ ఐరిష్’ అని మూడో పేరే పుట్టింది. అమెరికా జనగణన 1980 నుంచి పూర్వికుల మూలం అడగడం మొదలుపెట్టింది. ఐరిష్ మూలం చెప్పుకునే అమెరికన్లు 3 కోట్లు దాటుతారు. ఐర్లండ్ గణతంత్ర జనాభా 2022లో 51 లక్షల పైచిలుకు. వారిలో బడి బయట రోజూ ఐరిష్ భాష మాట్లాడేవారు సుమారు 72 వేలు. అంటే మూలం చెప్పుకునేవారికి భాష అక్కర్లేదు.

సామాజికశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ గాన్స్ 1979లో ఇటువంటి గుర్తింపును ప్రతీకాత్మకమైనదన్నాడు. పండగనాడు తొడుక్కుని మర్నాడు మడిచిపెట్టే బట్ట లాంటిదని తెలుగులో చెప్పుకోవచ్చు. మేరీ వాటర్స్ 1990లో ప్రచురించిన ‘ఎత్నిక్ ఆప్షన్స్’ అనే పుస్తకంలో, నలుగురు పూర్వికుల్లో నచ్చిన ఒకరి మూలాన్ని ఎంచుకునే వెసులుబాటు తెల్లజాతి అమెరికన్లకే ఉందని, రంగును బట్టి లోకం ముందే పేరు పెట్టేసే నల్లవారికి అది లేదని చూపింది. ఆది ఆంధ్ర అన్న కాగితం పట్టుకున్న కుటుంబానికీ, మోక్షగుండం అన్న ఇంటిపేరున్న కుటుంబానికీ మధ్య ఉన్న తేడా కూడా దాదాపు ఇదే.

మూలానికి కాగితం విలువ ఇచ్చే దేశాలూ ఉన్నాయి. తాత గానీ అవ్వ గానీ ఐర్లండులో పుట్టి ఉంటే మనవడు అక్కడి పౌరసత్వానికి నమోదు చేసుకోవచ్చు. స్కాట్లండ్ 2009లో ‘హోమ్‌కమింగ్’ పేరుతో, ఐర్లండ్ 2013లో ‘ద గ్యాదరింగ్’ పేరుతో ప్రపంచంలోని తమ సంతతిని ఊరికి పిలిచాయి. 1975లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు అటువంటి పిలుపే. రెండో సభలు 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో జరిగాయి.

సోమేనహళ్ళికి అన్నిటికన్నా దగ్గరి పోలిక వలస దేశాల్లో కాక ఉత్తర ఐర్లండులో దొరుకుతుంది. 1998 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం ఉత్తర ఐర్లండులో పుట్టినవారు తమను ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు అని ఒప్పుకుంది. అక్కడ ఆ మాట రాతలోకి రావడానికి దశాబ్దాల నెత్తురు కారింది. సోమేనహళ్ళిలో ఆ మాట ఎక్కడా రాసి లేదు, ఏ గొడవా లేకుండా వాడుకలో ఉంది.

మారిషస్ తెలుగువారిది పూర్తిగా ఎదురు కథ. చెరకు తోటలకు కూలికి పోయినవారి సంతతి ఇంట్లో క్రియోల్ మాట్లాడుతుంది. అక్కడి 2000 సంవత్సరపు జనగణన ఇంట్లో మాట్లాడే భాషను, పూర్వికుల భాషను విడివిడిగా అడిగింది. తెలుగు రెండో గడిలో నిలిచింది. ఉగాది అక్కడ సర్కారు సెలవు. తమిళనాడులోని హోసూరు తెలుగువారిది ఇంకో దారి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో తెలుగు మాధ్యమ బడులకు చిక్కు వచ్చినప్పుడు వారు కోర్టుకెక్కారు. బడి పోతుందన్న భయం అక్కడ గుర్తింపును పదును పెట్టింది. చిక్కబళ్ళాపురం వైపు తెలుగు బడి కోసం పెద్ద పోరాటమేదీ లేకపోవడంతో గుర్తింపు మెత్తగానే ఉంది.

మనుషులు ఎంచుకునే తీరు

ఈ సీమవారు తమ గుర్తింపును చెప్పుకునే పద్ధతుల్లో నాలుగు ప్రధానంగా కనిపిస్తాయి. కొందరు నేలను ముందు పెడతారు. ‘మేము కన్నడిగులం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం’ అనేది వారి మాట. నవంబరు 1న రాజ్యోత్సవ జెండా ఎగరేసేవారిలో వీరుంటారు. కొందరు భాషను ముందు పెడతారు. బెంగళూరు చేరి తెలుగు సంఘాల్లో తిరిగేవారిలో, సరిహద్దు తెలుగులో కథలు రాసేవారిలో ఈ వైఖరి ఎక్కువ. ఇంకొందరికి కులమే మొదటి పేరు. పెళ్ళి సంబంధాలు కులం, వియ్యం లెక్కన ఎల్ల దాటి హిందూపురం, కదిరి, మదనపల్లె దాకా పోతాయి కాబట్టి రాష్ట్రం వారికి రెండో మాటే. ఊరిపేరు చెప్పి ఊరుకునేవారు నాలుగో రకం. ‘యా ఊరు?’ అని కన్నడంలో అడిగినా, ‘ఏ ఊరప్పా మీది?’ అని తెలుగులో అడిగినా వారి జవాబు ‘సోమేనహళ్ళి’ ఒక్కటే.

ఇవి నలుగురు వేరువేరు మనుషుల వైఖరులు కానక్కర్లేదు. ఒకే మనిషి జనగణన గుమాస్తాకు తెలుగని, ఉద్యోగ దరఖాస్తులో కన్నడమని, పెళ్ళి మాటల్లో ఇంటిపేరని, బస్సులో ఊరిపేరని చెప్పవచ్చు. అడిగినవాడు మారితే జవాబు మారుతుంది కానీ మనిషి మాట తప్పినట్టు కాదు. అమెరికాలోని ఐరిష్ మనవడు పాత ఓడల పట్టికల్లో, చర్చి రిజిస్టర్లలో తాత పేరు వెతికి తన మూలాన్ని కూడగట్టుకుంటాడు. సోమేనహళ్ళి మనిషికి ఆ వెతుకులాట పని లేదు. అతని తాత మాట్లాడిన భాష వంటింట్లోనే వినిపిస్తుంది, తాత దున్నిన చేను పహణిలో కన్నడ అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ రెంటిలో దేన్నీ వదులుకోమని గట్టిగా అడిగినవారు ఇంతవరకు లేరు. ఇంటి మాట పిల్లల దాకా చేరినంత కాలం ఈ అమరిక సాగుతుంది. ఇంగ్లీషు మాధ్యమం చదివే మనవడు అవ్వకు తెలుగులో జవాబు చెప్పడం మానిన రోజు, ఇక్కడ కూడా మూలం వెతుక్కునే వస్తువవుతుంది.